తడికల చేను

మా పెద్దత్త జగ్గమ్మ గురించి రాస్తానంటే మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు ముక్కు మీద వేలేసుకుంటారు. "రాయడానికి ఇంకేమీ దొరకలేదా?" అంటారు. దొరక్కేం, బోలెడు దొరుకుతాయి. గుడి కట్టించినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కించుకున్నారు. బడి కట్టించినవాళ్ళ ఫొటోలు గోడలకి వేలాడుతున్నాయి. ఊరి ఆడవాళ్ళు పగటిపూట భయం లేకుండా ఒక చెంబెడు నీళ్ళు తాగేలా చేసిన మనిషి గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క లేదు. అందుకని నేనే రాస్తున్నాను. వాసనొస్తుందనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేమీ బాధ లేదు.

నేను ఈదులవలసకి కోడలిగా వచ్చింది అరవై ఆరులో. నరసన్నపేట నుంచి బండి మీద ఒక పూట దారి. మా నాన్న నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసేవాడు. మేమున్న ఇళ్ళ వరస చివర తలుపులున్న మరుగుదొడ్లు ఉండేవి. తలుపు ఎంత గొప్ప వస్తువో అత్తవారింటికి వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఈదులవలసలో ఆడవాళ్ళకి పెద్ద గరువే గతి. గరువంటే మా వైపు మెట్ట భూమి. ఊరిని ఆనుకుని ఉన్న ఆ గరువు ఊళ్ళో పెద్ద రైతు నరసింగరావు నాయుడిది. నార కోసం వేసే గోగు కోసిన దగ్గర్నుంచి మళ్ళీ వానలు పడేదాకా అది బీడుగా ఉండేది. పైరున్న రోజుల్లో దాని గట్ల వార సర్దుకునేవాళ్ళం. తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. మధ్యలో కడుపు ఏమన్నా బిగబట్టుకోవడమే. మా అత్తగారు వేసవిలో కూడా మధ్యాహ్నం పూట నీళ్ళు ముట్టేది కాదు. మొదట్లో అది ఏదో వ్రతం అనుకున్నాను.

ఇంకో మర్యాద కూడా ఉండేది. ఆ దారిన బండి గానీ మగవాడు గానీ వస్తే, కూర్చున్న ఆడవాళ్ళందరూ ఉన్నపళంగా లేచి నిలబడి మొహం తిప్పుకోవాలి. వాడు కనుమరుగయ్యేదాకా అలా నిలబడే ఉండాలి. పెళ్ళైన మర్నాడే మా అత్తగారు నాకు ఈ పాఠం చెప్పింది. "ఎవులైనా వస్తే లెగిసి నిలబడిపోవాల. మర్సిపోకేం" అంది. అలా లేచి నిలబడితే సిగ్గెలా దక్కుతుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. దారిన పోయేవాడు మొహం తిప్పుకుంటే సరిపోయేదానికి ఊరి ఆడవాళ్ళందరి చేతా గుంజీళ్ళు తీయించారు.

జగ్గమ్మ మా మావగారు కూర్మయ్యకి వదిన, అన్నగారి భార్య. పిల్లలు లేరు. భర్త పోయాక పంపకాలు చేసినప్పుడు మా మావగారు పల్లపు మడులు తనకి ఉంచుకుని, ఊరికి తూర్పున ఉన్న గులకరాళ్ళ చెక్క ఆవిడ పేర పెట్టాడు. అందులో గోగు చల్లితే మోకాలెత్తు దాటేది కాదు. ఆవిడ ఆ చేను దున్నుకుంటూ, ఉడుపులకీ కోతలకీ కూలికి పోతూ, ఎవరి ముందూ చేయి చాచకుండా విడిగా వండుకు తినేది. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. మా వైపు పెద్ద ఆడవాళ్ళలాగే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. నోట్లో నిప్పుండగానే మాట్లాడేది, మాటకి మాత్రం ఎక్కడా తడబాటు ఉండేది కాదు.

అరవై ఏడులో మాఘమాసం వెళ్ళగానే నరసింగరావు నాయుడు గరువులో నుయ్యి తవ్వించి ఆయిలింజను బిగించాడు. ఇక ఏడాది పొడుగునా మిరపా వంగా పండిస్తానన్నాడు. చుట్టూ తుమ్మకంప కట్టించి గంగులనే పాలేరుని కాపలా పెట్టాడు. తన భూమికి తను కంచె వేసుకున్నాడు, కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆడవాళ్ళు ఎక్కడికెళ్తారన్న ఆలోచన ఆయన తలలోకి ఒక్క క్షణం కూడా వచ్చి ఉండదు. చెరువుగట్టు మగవాళ్ళది. పడమర పెద్ద రోడ్డు, దక్షిణాన వరి మళ్ళు. చేసేదిలేక కంచె బయట దారి పక్కనే కూర్చునేవాళ్ళం.

అప్పుడు నాకు ఆరో నెల. ఒకరోజు తెలతెలవారుతుండగా గంగులు కర్ర పుచ్చుకుని కంచె వెంబడి కేకలేసుకుంటూ వచ్చాడు.

"లెగండి లెగండి! నాయుడుగోరి కంచి కాడ పెంట సేత్తారేటి? లెగండి!"

అందరం లేచాం. లేచే కంగారులో నేను తూలి కంప మీద పడ్డాను. అరచేతుల నిండా ముళ్ళు దిగాయి. పక్కవాళ్ళు నన్ను పట్టుకుని నిలబెట్టారు. జగ్గమ్మ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. గంగులు కాస్త దూరంలో ఆగిపోయాడు. వాడి జన్మలో ఇలాంటిది చూసి ఉండడు.

"ఏటి పిన్నీ, నువ్వు లెగవేటి?" అన్నాడు.

"నానెందుకు లెగాల? నా పని అవలేదు. నీకు సిగ్గుంటే నువ్వే అటు తిరుగు."

"నాయుడుగోరు సెప్పినారు..."

"ఆడ్నే ఇలగొచ్చి సెప్పమను. ఆడొచ్చీదాకా నాను ఇక్కడే కూకుంటాను."

గంగులు వెనక్కి తిరిగాడు. తిరిగి, కర్ర భుజాన వేసుకుని, ఇంజను గది వైపు వెళ్ళిపోయాడు. నా అరచేతుల్లోంచి రక్తం కారుతోంది, నేను మాత్రం పగలబడి నవ్వాను. అత్తవారింటికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

ఇంటికొచ్చాక ఆవిడే మా వాకిట్లో కూర్చుని పిన్నీసుతో ఒక్కో ముల్లూ తీసింది. మా మావగారు అరుగు మీద ఉన్నాడు.

"కూర్మయ్యా, నీ కోడలు కడుపుతో ఉన్నాది. రేపొద్దుగాల ఎక్కడికెల్తాదో సెప్పు" అంది.

"ఊరందరికీ ఉన్నదే కదొదినా" అన్నాడు మావగారు.

"ఊరందరికీ కాదు, ఆడోళ్ళకి. నీకు సెరువుగట్టుంది, నువ్వు దొరలాగ ఎల్లొస్తన్నావు. సర్లే, నువ్వు దయతలిసిచ్చిన గులకరాళ్ళున్నాయి కదా. అక్కడికొచ్చి ఎవులు తరుముతారో నానూ సూస్తాను."

అంతకు ముందేడు బ్లాకాఫీసు నుంచి లీలారాణి అని ఒక గ్రామసేవిక మా ఊరొచ్చింది. శ్రీకాకుళం బాప్టిస్టు వాళ్ళ పిల్ల, చదువుకుంది. అట్టమీద సిమెంటు పళ్ళెం బొమ్మ చూపించి, ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకోవాలని చెప్పింది. ఇంట్లోనే ఆ పనేమిటని ఊరంతా నవ్వింది. జగ్గమ్మా నవ్వింది. ఇప్పుడు ఆవిడే నడుచుకుంటూ వెళ్ళి లీలారాణిని వెంటబెట్టుకొచ్చింది.

"నాకు సిమెంటూ లేదు, పళ్ళెవూ లేదు. బూమి ఉన్నాది, పార ఉన్నాది. దాంతో అయ్యీదేటో సెప్పమ్మా" అంది.

లీలారాణి చేను చూసి అక్కడే నేల మీద పుల్లతో గీసి చూపించింది. మోకాలి లోతున పొడుగు గొయ్యి తవ్వాలి. తవ్విన మట్టి పక్కనే పోగెయ్యాలి. రెండు కాళ్ళూ అటూ ఇటూ పెట్టి కూర్చోవడానికి వీలుగా వెడల్పు తక్కువ ఉండాలి. పని అయిన ప్రతిసారీ బూడిద చల్లి మట్టి కప్పాలి. ఒక గొయ్యి నిండితే పూడ్చేసి పక్కన ఇంకోటి మొదలుపెట్టాలి.

"పూడ్చిన గోతిని ఏడాదిదాకా ముట్టుకోకండమ్మా. ఆ తరవాత అది ఉత్త మట్టే. మొదటి పంట మాత్రం తినేది వెయ్యొద్దు, గోగు వేసుకోండి" అని చెప్పింది.

"మట్టయిపోతాదా? ముట్టుకోవొచ్చా?"

"ముట్టుకోవచ్చు. వాసన కూడా ఉండదు."

"అయితే ఇది గత్తవే కదమ్మా" అంది జగ్గమ్మ. మా వైపు పశువుల పెంట చివికిన ఎరువుని గత్తం అంటారు. "గొడ్డుది గత్తమైతే మనిసిది అవదేటి?"

జగ్గమ్మ తాటాకులు కోయించి తడికలు అల్లింది. మొదటి గోతులు చేను అంచుల వెంట, చుట్టూ తవ్వింది. ప్రతి గోతికీ అటూ ఇటూ తడికలు నిలబెట్టింది. తడిక పక్కన కుండలో బూడిద, అందులో కొబ్బరి చిప్ప. మర్నాడు మధ్యాహ్నం, మిట్టమధ్యాహ్నం, నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. చుట్టూ తడిక, పైన ఆకాశం. ఎవరూ తరమలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక మళ్ళీ ఏడ్చాను.

వారం తిరక్కుండా ఊరి ఆడవాళ్ళలో సగంమంది తడికల చేనుకే వస్తున్నారు. వచ్చేటప్పుడు ఎవరి పొయ్యిలో బూడిద వాళ్ళు తెచ్చేవాళ్ళు. మా అత్తగారు నెల్లాళ్ళు బెట్టు చేసి, తరవాత అందరికంటే ముందు వెళ్ళడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నీళ్ళు తాగడం కూడా మొదలుపెట్టింది.

మగవాళ్ళకి ఇది కంటగింపైంది. నరసింగరావు కంచె కట్టి తరిమినప్పుడు ఒక్కడికీ పరువు గుర్తురాలేదు. ఇప్పుడు మాత్రం "మన ఇంటాడోళ్ళు ఎల్లి జగ్గమ్మ బూమికి బలం సేత్తారేటి?" అని చెరువుగట్టు మీద మాట్లాడుకున్నారట. తాతల నాటి నుంచి నాయుడి గరువుకి ఊరకే చేసిన బలం లెక్కలోకి రాలేదు. జగ్గమ్మ నీళ్ళకెళ్తుంటే కుర్రకారు "సందా వసూలైందా పెద్దమ్మా?" అని వెక్కిరించేవారు. "మీ అమ్మ నిన్న రెండుసార్లేసింది, అడుగురా" అనేది. ఆ తరవాత వెక్కిరింత తగ్గింది.

ఏడాది గడిచింది. నాకు కొడుకు పుట్టాడు. అరవై ఎనిమిది వేసవిలో పెద్దమనుషులు రామమందిరం ముందు కూర్చుని జగ్గమ్మని పిలిపించారు. నరసింగరావు నాయుడు నడిమధ్యన, పక్కన మా మావగారు. ఆడవాళ్ళం దూరంగా గోడ వార నిలబడ్డాం. కంపు కొడుతుందని ఎవరూ అనలేకపోయారు, ఎందుకంటే కంపు లేదు. ఈగలనీ అనలేకపోయారు. చివరికి నాయుడే ఒక మాట పట్టుకున్నాడు.

"తూరుపు దిక్కున, పొద్దు పొడిసే దిక్కున దొడ్డేటి జగ్గమ్మా? లెగిసి సూరీడికి దండవెడదావంటే నీ తడికిలు కనిపిస్తన్నాయి. ఊరికి మంచిది కాదు. పొలాలమాసలోగా తీసీయాల. లేదంటే ఈ ఊర్లో ఎవులూ నిన్ను ఉడుపుకీ కోతకీ పిలవరు."

తడికలు పోతే ఆ చేనులో కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. మళ్ళీ దారి పక్కకే. తీయకపోతే జగ్గమ్మకి కూడు పోతుంది. పొలాల అమావాస్య శ్రావణం చివర, మూడు నెలలైనా లేదు.

జగ్గమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "తడికిలు తీసీమంతన్నారు. అదే కదా మీ తీర్పు?"

"అదే."

"అమాసనాడు మీరే వొచ్చి సూడండి. ఒక్క తడికి ఉండదు."

ఇంటికొస్తూ నేను ఆవిడతో మాట్లాడలేదు. ఒంటి నిండా కోపం. పిల్లాణ్ణి చంకన వేసుకుని ముందు నడిచాను. "ఇంత మాత్రానికేనా అంత గొంతు?" అని చివరికి అనేశాను. ఆవిడ నవ్వి, "బేగి నడు గుంటా, వోనొచ్చీలా ఉన్నాది. ఇత్తనాలు జల్లాల" అంది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

అంచుల వెంట, తడికల లోపల, మొదట పూడ్చిన గోతులున్నాయి కదా, వాటికి ఏడాది నిండింది; వాడుకునే గోతులు అప్పటికి చేను నడుముకి జరిగాయి. పారతో తిరగేస్తే నల్లటి పొడిమట్టి లేచింది. గులకరాళ్ళ చేను మట్టి ఎర్రన. ఆ రెండూ పక్కపక్కన ఉంటే ఎవరో తెచ్చి పోసినట్టు కనిపించింది. ఆవిడ గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. వాన పడ్డ పొలం వాసన తప్ప ఏమీ లేదు. ఆ మట్టిలో చేను చుట్టూ గోగు చల్లింది, మామూలుగా చల్లేదానికి మూడింతలు ఒత్తుగా. ఎందుకంత ఒత్తుగా అని అడిగితే చెప్పలేదు.

ఆషాఢంలో వానలు బాగా పడ్డాయి. గోగు మోకాలు దాటింది, నడుం దాటింది. శ్రావణం వచ్చేసరికి తడికల్ని దాటి పైకొచ్చేసింది. అప్పటికి నాకు అర్థమైంది. ఆడవాళ్ళందరికీ అర్థమైంది. మగవాళ్ళెవరికీ చెప్పలేదు. దూరం నుంచి చూసే వాళ్ళకి అది ఉత్త గోగు చేనే కదా.

పొలాల అమావాస్యనాడు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళు చూస్తుండగా జగ్గమ్మ ఒక్కో తడికా పీకి దారి మీద పడేసింది. తడిక పడ్డ ప్రతిచోటా దాని వెనక గోగు నిలబడి ఉంది. చేయి దూర్చడానికి సందు లేదు. చేను చుట్టూ ఆకుపచ్చ గోడ. నరసింగరావు నాయుడు పొడగరి. గోగు దగ్గరికెళ్ళి తనకి తెలియకుండానే చేయి పైకెత్తి చూశాడు. చేతికి పైన ఇంకా ఆకులున్నాయి. మా మావగారు ఒక మొక్క మొదలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అది తను ఇచ్చిన గులకరాళ్ళ చెక్కేనా అని ఆయన అనుమానం.

"తడికిలు తీసీసినాను నాయుడూ. ఇంక పైరు పీకీమని సెప్పండి, అదీ ఇంటాను" అంది జగ్గమ్మ.

నిలబడ్డ పైరు పీకెయ్యమని మా ఊళ్ళో పెద్దమనిషి కాదు గదా, పసివాడు కూడా అనడు. పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆడవాళ్ళం పాటలు పాడుకుంటూ తడికల చేనుకి వెళ్ళాం. తడికలు లేకపోయినా దాని పేరు అదే.

కానీ గోగు ఎల్లకాలం నిలబడే పైరు కాదు. కార్తీకంలో పసుపుపచ్చ పూలు పూస్తుంది. పూత మీదుండగా కోసి, చెరువులో ఊరేసి, నార తీయాలి. ఆలస్యమైతే కాడ కొయ్యబారిపోతుంది, నార గరుకెక్కి ఎవరూ కొనరు. ఆ ఏడు జగ్గమ్మకి వచ్చే రాబడంతా ఆ నారే. కోస్తే గోడ పోతుంది. నరసింగరావు దాని కోసమే కాచుకుని ఉన్నాడు. "పూతొచ్చీసింది. కొయ్యక ఏటి సేత్తాది?" అని మా మావగారితో అన్నాడు.

ఊళ్ళో అందరి గోగూ కోతకొచ్చింది. చెరువు నిండా కట్టలు. జగ్గమ్మ కొడవలి మాత్రం చూరులోనే ఉంది.

"కొయ్యవా పెద్దత్తా?" అని అడిగాను.

"కొయ్యను."

"ఏడాది కూడు పోతుంది కదా."

"నాకు తెల్దేటి? నా కాలూ సెయ్యీ పడిపోలేదు, కూలికెల్తాను. దాన్ని అలగే నిలబెడతాను. పుల్లలైపోయినా నిలబడే ఉంటాది."

ఆవిడ మొహంలో బాధ నాకు కనిపించింది. జన్మలో మొదటిసారి తలెత్తుకుని పండిన పంట. దాన్ని కళ్ళెదుట పాడు చేసుకోవడం రైతు మనిషికి చిన్న విషయం కాదు. రోజూ పొద్దున్నే వెళ్ళి కాడల మొదలు గిల్లి చూసేది. ముదురుతోందని తెలిసి తిరిగి వచ్చేది.

ఇంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. ఒకరోజు పొద్దున ఊళ్ళో తప్పెట మోగింది. చాటింపు.

"ఊరి ఆడోళ్ళందరికీ నాయుడుగోరు సెప్పించీదేటంటే... పెద్ద గరువుకి కంచి తీయించీసినారు... ఎప్పట్లాగే అందరూ వచ్చి పోవొచ్చును... ఎవులూ ఏటీ అనరో!"

తప్పెట కొట్టేవాడికే నవ్వు ఆగలేదు. వీధి వీధినా ఆగి, నవ్వు దిగమింగుకుని, మళ్ళీ చెప్పుకుంటూ పోయాడు. ఇలాంటి చాటింపు ఏ దేశంలోనూ ఎవరూ విని ఉండరు.

అసలు సంగతి గంగులే చెప్పాడు. మొదటి ఏడు గరువులో మిరప విరగకాసింది. రెండో ఏడు, బస్తాల కొద్దీ సీమ ఎరువు పోసినా, మొక్క గిడసబారి ఆకు ముడుచుకుపోయింది. తెగులో, నీటి లోపమో, భూమిలో సారమే తగ్గిందో నేను చెప్పలేను. నాయుడు మాత్రం అమావాస్యనాడు చేయెత్తి చూసిన గోగుని మరిచిపోలేదు. ఊరిలోకెల్లా మేలైన భూమి తనదని తాత నాటి నుంచీ మీసం మెలేస్తూ వచ్చిన మనిషి, ఆ మేలు ఎక్కణ్ణించి వచ్చిందో ఇన్నాళ్ళకి పోల్చుకున్నాడు.

మధ్యాహ్నం నూతి దగ్గర ఆడవాళ్ళందరూ పోగయ్యారు. కొందరు వెళ్దామన్నారు. గరువు దగ్గర, విశాలం, పైగా పిలిచింది పెద్ద నాయుడు. "పోనీ, పాత సోటే కదా. ఒదినకి కోత కోసుకోడానికి ఈలవుతాది" అంది మా అత్తగారు. ఆ మాటలో న్యాయం ఉంది. మేము గరువుకి వెళ్ళిపోతే జగ్గమ్మ ఇంకా నార కాపాడుకోవచ్చు. అందరూ ఆవిడ వైపు చూశారు.

"ఆడు పిల్సింది మిమ్మల్ని కాదు, మీ పెంటని" అంది జగ్గమ్మ. "కర్రట్టుకు తరిమినప్పుడు ఈ గుంట కడుపుతో కంప మీద పడింది. అప్పుడు ఆడికి మనం మనుసులం కాదు. ఈయాల మిరప ఎండిపోతే తప్పెట కొట్టి పిలుస్తన్నాడు. రేపు మిరప బాగుపడితే మళ్ళీ కంచి కడతాడు. ఎల్లేవోళ్ళు ఎల్లండి, నానడ్డం రాను."

"అయితే నీ సేనుకే వొస్తాం" అన్నారు ఎవరో.

"నా సేనుకీ రావొద్దు."

అందరూ నివ్వెరపోయారు. నేనూ.

"ఈ రెండేళ్ళూ మీరు నా బూమికి బలం సేసినారు. సాలు. మీ ఇంటెనకాల దొడ్డి లేదేటి? అందులో అరటి మొక్క లేదా, కొబ్బరి మొక్క లేదా? మీ పార తీసుకుని మీ బూమిలో తవ్వుకోండి. మీ మగోడు కాదంటే, ఆడి పెంటెల్లి సెరువుగట్టు పాలవుతన్నాదని సెప్పండి. సెంటు బూమి లేనోళ్ళున్నారు కదా, ఆళ్ళు నా సేనుకి రావొచ్చు. ఆళ్ళకోసరం ఆ గోగు అలగే నిలబెడతాను."

అక్కడ భూమి లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ జగ్గమ్మ కడవ అందుకుని తను నీళ్ళు తోడింది.

నేను ఇంటికొచ్చి పార తీసి మా ఆయన జగన్నాధం చేతికిచ్చాను. ఆయన తండ్రి వైపు చూశాడు. మా మావగారు అరుగు మీద కూర్చుని వక్క నములుతున్నాడు.

"నా దొడ్లో ఏటి తవ్వుతారు?" అన్నాడు.

"మీ అబ్బాయి తవ్వకపోతే నేను తవ్వుతాను మావగారూ" అన్నాను. మావగారికి ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన కళ్ళ ముందు కూడా ఆ గోగు మొదలే మెదిలిందేమో.

"తవ్వితే తవ్వినారు గాని, నూతికి ఎడంగా తవ్వండి. ఆ కొబ్బరి మొక్కల వార" అన్నాడు. అని, మళ్ళీ వక్క నములుకున్నాడు.

ఆ సాయంత్రం ఊళ్ళో ఏ దొడ్డి చూసినా పారల చప్పుడే. కొన్ని ఇళ్ళల్లో కేకలు కూడా వినిపించాయి. ఒకామెని మొగుడు కొట్టాడు కూడా. ఆమె మర్నాడు భూమి లేనివాళ్ళతో కలిసి జగ్గమ్మ చేనుకి వెళ్ళింది, గరువుకి మాత్రం వెళ్ళలేదు. జగ్గమ్మ ఆ ఏడు నార అమ్మలేదు. గోగు నిలువునా ఎండి, గాలికి గలగలమంటూ, మళ్ళీ వానలు పడేదాకా గోడలా నిలబడింది. ఆవిడ మా ఊళ్ళోనూ పక్క ఊళ్ళోనూ కోతలకి వెళ్ళి ఆ ఏడాది గడిపింది. మా ఇంట్లో అన్నం పెడతామన్నా తినలేదు.

చాటింపు వేసిన మూడోనాడు పొద్దెక్కాక గంగులు మా వీధిలోకి వచ్చాడు. ఈసారి చేతిలో కర్ర లేదు. జగ్గమ్మ వాకిట్లో కూర్చుని మా దొడ్లో గోతికి కొత్త తడిక అల్లుతోంది, నేను పిల్లాడికి నూనె రాస్తున్నాను. వాడు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏటి గంగులూ?" అంది ఆవిడ.

"ఏటీ లేదు పిన్నీ. నాయుడుగోరు అడగమన్నారు. కంచి తీసీసినా, సాటింపేసినా, గరువుకి ఒక్కరూ రాలేదేటని."

జగ్గమ్మ తాటాకు పక్కన పెట్టింది. చుట్ట నోట్లోంచి తీసి, దాని నిప్పు చూసుకుంది.

"మీ నాయుడికి నా మాటగా సెప్పు. ఆ గరువుకి అంత ఆకలేస్తే, ఆడింటి నిండా మనుసులే కదా. పొద్దుగాలే లెగిసి ఆడ్నే ఎల్లి కూకోమను."